మేనేజరు గారికి షుగరు

ఇంటి నుంచి,
ఆదివారం మధ్యాహ్నం

చిరంజీవి మరదలికి,

వదిన ఆశీస్సులు. నేను కులాసా. నువ్వూ కులాసా అని తలుస్తాను.

ఫోను ఎందుకు కట్టేసి ఉంచావని కోప్పడుతూ రాశావు. సొరుగులో పెట్టాను. మోగితే ఆసుపత్రి వాళ్లేమో అనిపిస్తుంది, ఇంకా. ఎత్తాక ఎవరైనా "ఎలా ఉన్నారు" అంటే "బాగున్నాను" అని నోరు దానంతట అదే అనేస్తుంది. కాగితం మీద అయితే కాస్త ఆగి రాయొచ్చు. మీ క్యాంపులో ఎలాగూ సిగ్నలు అందదు, నీకు పోయిందేముంది?

సంగతేమిటంటే, మేనేజరు గారికి షుగరు వచ్చింది.

మా కుట్టు షాపు మేనేజరు కాదు, మీ అన్నయ్య పిల్లి. మీ అన్నయ్య ఫ్యాన్లు విప్పి బాగుచేస్తుంటే బల్ల మీద ఎదురుగా కూర్చుని, పని సరిగ్గా జరుగుతోందా లేదా అన్నట్టు చూసేది కదా, అందుకే ఆ పేరు పెట్టారు. ఆయన పోయి ఏడాది దాటినా అది రోజూ ఆ బల్ల ఎక్కి కూర్చుంటుంది. చేసేవాళ్లు లేకపోయినా డ్యూటీ మానలేదు.

ఈ మధ్య తెగ తింటోంది, అయినా వెన్నెముక చేతికి తగులుతోంది. స్నానాల గది బకెట్‌లో తల పెట్టి నీళ్లు తాగుతోంది. ముసలితనం కాబోలు అనుకున్నాను. చివరికి చీమలు చెప్పాయి. అది ఒంటేలు పోసే మట్టి తొట్టికి బారులు తీరాయి. ఇంకో బారు గోడ ఎక్కి మీ అన్నయ్య చొక్కాలోకి పోతోంది. కొక్కేనికి ఆయన తగిలించి వెళ్లిన చొక్కా, ఇంకా అక్కడే ఉంది. జేబులో ఆ గ్లూకోజు బిళ్లలు ఉండిపోయాయి. ఎన్నిసార్లు చెప్పాను, చిన్నపిల్లాడిలా జేబులో తీపి ఏమిటండీ, ఉతికేటప్పుడు నాకు చీమల బాధ అని. నవ్వేవారు.

పశువుల డాక్టరమ్మ చిన్నపిల్ల. రక్తం తీసి చూసి, "పిల్లులకీ వస్తుందమ్మా. పొద్దున, సాయంత్రం ఇన్సులిన్ సూది వేయాలి" అంది.

"ఎన్నాళ్లు?"

"బతికున్నంత కాలం."

"ఎవరు బతికున్నంత కాలం?" అన్నాను. ఆ అమ్మాయి నవ్వింది. నేను నవ్వించడానికి అడగలేదు.

మొదలుపెట్టాలో వద్దో నువ్వే చెప్పు. చిన్నప్పటినుంచీ సూదులతో బతికినదానివి. మీ అన్నయ్య ఉంటే నిన్నే అడిగేవారు. నాకు బాధా లేదు, భయమూ లేదు. దేవుడి ముందు నిలబడుతున్నాను గానీ ఏం అడగాలో తోచక ఊరికే దణ్ణం పెట్టి వచ్చేస్తున్నాను.

వేళకి తింటున్నావా?

మీ వదిన

&nbsp;

వంతెన క్యాంపు,
స్టోరు గది

వదినమ్మ గారికి,

మరదలు పిల్ల నమస్కారాలు. మన ఇంటి షుగరు వంశం నాతోనే ఆగిపోతుందని దిగులుపడుతుంటే వారసుడొచ్చాడన్న మాట! సంతోషం. ఆస్తులు ఏమీ లేవు, నా పాత సూదుల డబ్బా రాసిస్తానని చెప్పు.

మొదలుపెట్టు. ఇందులో ఆలోచించడానికేముంది? నాకు వచ్చినప్పుడు అమ్మ మూల కూర్చుని ఏడ్చింది, నాన్న డాక్టరుతో పోట్లాడాడు. అన్నయ్య ఒక్కడే చేతులు కడుక్కుని వచ్చి "ఏదీ, ఎక్కడ గుచ్చాలి" అన్నాడు. వాడికి అప్పటికి మీసాలు కూడా రాలేదు. నువ్వూ చేతులు కడుక్కో, చాలు.

మెడ వెనక చర్మం మా క్యాంపు డేరాలా పైకి ఎత్తి పట్టుకో. డేరా లోపలికి సూది దించి నెమ్మదిగా నొక్కు. అంతే. రోజంతా సూదితో బతికే దర్జీమనిషివి, నీకు నేను చెప్పాలా? హనుమంతుడి ముందు కుప్పిగంతులు!

ఒక్కటి మాత్రం గుర్తుంచుకో. మందు ఎక్కువైతే షుగరు ఒక్కసారిగా పడిపోతుంది. అది తూలుతుంది, వణుకుతుంది, చూపు నిలవదు. అప్పుడు చక్కెర నీళ్లు వేలితో చిగుళ్లకి రుద్దాలి. ఆలస్యం చేస్తే ప్రాణం మీదికి వస్తుంది. చక్కెర డబ్బా చేతికందేలా పెట్టుకో. ఫోను కూడా బయటికి తీయి తల్లీ, నాకోసం కాకపోతే మేనేజరు గారి కోసం.

ఇక్కడ వంతెనకి నాలుగో స్తంభం లేచింది. నా కొలువు మామూలే. ఎడమచేతి గ్లవ్సు పోయిందని వచ్చి కొత్త జత పట్టుకుపోయే మహానుభావులు ఎక్కువయ్యారు. వీళ్లందరి కుడిచేతి గ్లవ్సులు ఏమవుతున్నాయో ఆ పైవాడికే తెలియాలి. సామాన్ల లారీ వారానికోసారి వస్తుంది, ఉత్తరాలు దానికే ఇస్తున్నాను. నీ జవాబు ఆలస్యమైతే లారీని తిట్టుకోవాలో నిన్ను తిట్టుకోవాలో తెలియడం లేదు.

నాకేం, ఇనుములా ఉన్నాను. బోల్టులతో పాటు నన్నూ అరలో పెట్టేయొచ్చు.

నీ మరదలు

&nbsp;

ఇంటి నుంచి,
వానాకాలం మొదట్లో

చిరంజీవి మరదలికి,

ఉత్తరం రాయడం ఆలస్యమైంది. రాయడానికి ఏమీ లేదు. నిన్న జరిగిందే ఇవాళ జరుగుతోంది.

పొద్దున లేస్తాను. గిన్నెలో దానికి తిండి పెడతాను. అది తింటుండగా మడత పట్టుకుంటాను. కళ్లు మూసుకుని, "స్వామీ, దీనికి నొప్పి తెలియకుండా చూడు" అనుకుని గుచ్చుతాను. నా ప్రార్థన ఆయన విన్నట్టే ఉన్నాడు, మేనేజరు తల కూడా ఎత్తదు. సాయంత్రం షాపునుంచి వచ్చి మళ్లీ అంతే. మధ్యలో కర్టెన్లు. ఏదో హోటలు వాళ్లవి, గదులెన్నో గానీ గుట్టలుగా పడ్డాయి. కింది అంచులు చేతికుట్టుతో కావాలట. మడత పట్టడం, సూది దించడం, అవతలికి తీయడం. పొద్దున కుట్టింది కర్టెనో పిల్లో ఒక్కోసారి గుర్తు రాదు.

పిల్లిని పరీక్షకి తీసుకెళ్లాలి, ఒక పూట సెలవు కావాలంటే షాపు యజమానురాలు, "పిల్లికి సూదా? మా ఆయనకి జ్వరమొస్తేనే నేను సెలవు పెట్టలేదు" అంది. అక్కడే కూర్చుని గుండీలు కుడుతున్న ఆమె భర్త, "అవును, నేను సాక్షి" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను అనుకుంటాను.

మందు పనిచేయడం లేదు. సూది గొట్టం మీద ఒక గీత కొలతతో మొదలుపెట్టారు. తగ్గలేదని రెండు చేశారు, తర్వాత మూడు, ఇప్పుడు నాలుగు. అది ఇంకా చిక్కిపోయింది. బల్ల మీదికి ఒక్క దూకులో ఎక్కడం లేదు, ముందు స్టూలు ఎక్కి ఆగి, ఆ తర్వాత బల్ల ఎక్కుతోంది. దాని మెడంతా ఆసుపత్రి వాసన. తడిగుడ్డతో తుడుస్తున్నా మళ్లీ అదే వాసన. ఆయన గదిలో ఉన్న వాసనలాంటిదే.

డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకుని చెప్పింది. "ఈ నెల చూద్దామమ్మా. అప్పటికీ షుగరు దిగకపోతే దాన్ని కష్టపెట్టకుండా శాశ్వతంగా నిద్రపుచ్చేయడం మంచిది."

సరే అన్నాను. బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. దాని బుట్ట ఒళ్లో పెట్టుకున్నాను. మన వీధి మలుపు తిరిగాక అనిపించింది, ఆ మాటకి సరే అని ఎలా అన్నానా అని. అనిపించింది గానీ నొప్పి పుట్టలేదు. చెయ్యి తిమ్మిరెక్కినప్పుడు గిల్లి చూసుకున్నట్టు ఉంది. గిల్లుతున్నట్టు కనిపిస్తుంది, తెలియదు.

చక్కెర ఇంకా కొనలేదు. ఆయన ఆసుపత్రిలో ఉండగా చక్కెర మానేస్తాను, మనిషిని ఇంటికి పంపు స్వామీ అని మొక్కుకున్నాను. మనిషి రాలేదు. ఆ మొక్కు ఉన్నట్టో పోయినట్టో ఎవరిని అడగాలి? అందుకని చక్కెర ఇంట్లోకి తేలేదు, చేదు కాఫీయే తాగుతున్నాను. కొట్టుదాకా వెళ్లాను. చక్కెర డబ్బాల ముందు నిలబడి సబ్బు కొనుక్కుని వచ్చాను. ఈ వారం తప్పక తెస్తాను.

నువ్వు వేళకి తింటున్నావా అని ఎప్పుడో అడిగాను. ఇనుమునన్నావు. ఇనుముకీ తుప్పు పడుతుంది పిల్లా.

మీ వదిన

&nbsp;

స్టోరు గది

వదినా,

లారీ బయట హారను కొడుతోంది. గబగబా రాస్తున్నాను.

ఆసుపత్రి వాసన అన్నావే, అది ఇన్సులిన్ వాసన! ఆ వాసనలో పెరిగినదాన్ని, నాకు తెలియదా? మందు పిల్లి లోపలికి వెళ్లడం లేదు. బొచ్చులోకి పోతోంది. నువ్వు కళ్లు మూసుకుని కర్టెను అంచు కుట్టినట్టు కుడుతున్నావు తల్లీ. మడత పట్టుకుని, సూది ఇటు దించి అటు తీస్తున్నావు. అది తల ఎత్తదంటే ఎందుకెత్తుతుంది, దాని మెడకి మందుతో తలంటు పోస్తున్నావాయె!

దేవుడికి దణ్ణం ముందే పెట్టేసుకో. గుచ్చేటప్పుడు కళ్లు తెరిచి చూడు. సూది మొన లోపలే ఉండాలి. నొక్కాక బొచ్చు మీద చెయ్యి పెట్టు. తడి తగిలితే పని చెడినట్టు.

నిద్రపుచ్చడం లేదు, ఏమీ లేదు. డాక్టరమ్మతో నేను చెప్పానని చెప్పు.

మరదలు

&nbsp;

స్టోరు గది
(ముందు ఇది చదువు)

వదినా, లారీ వెళ్లిపోయాక నా బుర్ర వెలిగింది. కొలత!

ఒక్క చుక్కా ఒంటికి పట్టడం లేదు గనకే నాలుగు గీతల దాకా పెంచారు. నేను చెప్పినట్టు సరిగ్గా వేశావంటే ఆ నాలుగూ ఒక్కసారే ఎక్కుతాయి. తట్టుకోలేదు. నాలుగు వద్దు. ముందు డాక్టరమ్మని అడుగు, అప్పటిదాకా సూదే వేయకు.

సిగ్నలు కోసం నీళ్ల ట్యాంకు గుట్ట ఎక్కాను. నీ ఫోను కట్టేసి ఉంది. పశువుల ఆసుపత్రికి చేశాను, సెలవు రోజు కాబోలు, ఎవరూ ఎత్తలేదు. సర్వే వాళ్ల జీపు టౌనుకి వెళ్తుంటే బతిమాలి దీన్ని ఇస్తున్నాను.

నాలుగు వద్దు. నాలుగు వద్దు.

&nbsp;

ఇంటి నుంచి,
మంగళవారం

మరదలా,

లారీలో పంపిన నీ ఉత్తరం శనివారం సాయంత్రం సూది అయిపోయాక అందింది. రెండోది సోమవారం వచ్చింది. మధ్యలో ఆదివారం ఉంది.

ఆదివారం పొద్దున దణ్ణం ముందే పెట్టుకున్నాను. కళ్లు తెరిచి గుచ్చాను. నా చెయ్యి అవతలికి పోబోయింది, నిజమే. ఇన్నాళ్ల అలవాటు. ఆపాను. సూది లోపలే ఉంది. నొక్కాక బొచ్చు తడుముకుంటే పొడిగా ఉంది. మేనేజరు మొదటిసారి తల ఎత్తి నా ముఖంలోకి చూసింది. నాలుగు గీతలే వేశాను. డాక్టరమ్మ రాసింది నాలుగే.

మధ్యాహ్నం ఇంటి దగ్గర మిషను మీద కూర్చున్నాను. అది స్టూలు ఎక్కింది, అక్కణ్ణుంచి బల్ల మీదికి దూకబోయి జారి పడింది. లేచింది, నాలుగు కాళ్లూ నాలుగు వైపులకి పోయాయి. తూలుకుంటూ కొక్కెం కిందికి, చొక్కా దగ్గరికి వెళ్లి పక్కకి ఒరిగిపోయింది. వణుకుతోంది. కళ్లు తెరిచే ఉన్నాయి గానీ నన్ను చూడటం లేదు.

నువ్వు రాసినవన్నీ గుర్తొచ్చాయి. చక్కెర ఇంట్లో లేదు. పక్కింటి తలుపుకి తాళం. సొరుగు లాగి ఫోను తీస్తే అది చచ్చి ఉంది. కొట్టు వీధి చివర. దీన్ని వదిలి వెళ్లి వచ్చేసరికి ఉంటుందో ఉండదో. స్వామీ స్వామీ అని గట్టిగానే అరిచాను. నేను గట్టిగా మాట్లాడి ఎన్నాళ్లయిందో.

అప్పుడు గోడ మీద చీమలు కనిపించాయి. అదే బారు, అదే దారి.

చొక్కా ఒక్క లాగు లాగాను. మెడ దగ్గర చిరిగింది. జేబులో కాగితం పొట్లం, బిళ్లలు రాళ్లలా గట్టిపడి ఉన్నాయి. వేళ్లతో నలగలేదు. నోట్లో వేసుకుని కొరికి పొడి చేశాను. ఆ పొడి వేలితో దాని చిగుళ్లకి రుద్దాను. ఇంకోటి కొరికాను, రుద్దాను. చీమలు నా పెదవి మీద కుడుతున్నాయి. నాకు తీపి తెలిసింది. ఆయన పోయాక నాలుకకి తగిలిన మొదటి తీపి. మొక్కు మాట తర్వాత గుర్తొచ్చింది. ముక్కూ కళ్లూ కారిపోతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

కాసేపటికి అది నా వేలు కొరికింది. గట్టిగానే కొరికింది, రక్తం వచ్చింది. నొప్పి పుట్టింది మరదలా. చాలా నొప్పి పుట్టింది.

నిన్న డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. అంతా చెప్పాను. ఆ అమ్మాయి తల పట్టుకుని, "నన్ను క్షమించండమ్మా, ఒక్కసారి మీ చేత నా ముందే సూది వేయించి చూసుండాల్సింది. నేర్పేటప్పుడు నారింజపండు మీద వేయించాను, పండుకి మడత ఉండదు కదా" అంది. మళ్లీ ఒక గీతకి తెచ్చింది. నిద్రపుచ్చే మాట ఎత్తలేదు. నేనే అడిగాను. "ఇప్పుడు ఆ మాటెందుకమ్మా" అంది.

ఇవన్నీ రాశాను గానీ నువ్వు గుట్ట ఎక్కానన్నావు. తిని ఎక్కావా, తినకుండా ఎక్కావా? నీ రెండో ఉత్తరంలో చివరి అక్షరాలు వంకరగా ఉన్నాయి. నేను కుట్టుపని మనిషిని, వంకర గీత నా కంటికి తెలుస్తుంది. ఈసారి జోకు వేసి తప్పించుకోకు.

వదిన

&nbsp;

స్టోరు గది

వదినా,

ఆ పూట సూది వేసుకుని, తినకుండానే ఎక్కాను. దిగేటప్పుడు పడ్డాను. ఆ ఉత్తరం ఆఖరి ముక్కలు జీపు వాళ్లు తాగించిన తీపి సోడా కడుపులో పడ్డాక, వాళ్ల సీటులో కూర్చుని రాసినవి. వాళ్లు అటు రాకపోతే నాకూ మేనేజరు గతే.

ఒక సంగతి నీకు ఎవరూ చెప్పినట్టు లేదు. బడి దారిలో నేను ఒకసారి ఇలాగే పడిపోయాను. అన్నయ్య పక్కనే ఉన్నాడు. వాడి జేబులో ఏమీ లేదు. ఎవరో ఆవిడ చెరుకురసం పోసి లేపింది. ఆ మర్నాటినుంచి వాడి జేబులో బిళ్లలు. నాకు ఉద్యోగమొచ్చి ఊళ్లు తిరుగుతున్నా వాడి జేబులో బిళ్లలే. "నేను అక్కడ లేను కదరా" అంటే, "నువ్వు ఎప్పుడు వస్తావో ఎవరికి తెలుసు" అనేవాడు. నువ్వేమో తీపి పిచ్చి అనుకున్నావు. వాడికసలు తీపి పడదు వదినా. పెళ్లిలో కూడా వాడి వాటా నాకే పెట్టాడు, నాన్న చూసి తిట్టాడు.

వాడు పెట్టుకుంటాడని నేను ఎన్నడూ పెట్టుకోలేదు. వాడు పోయాక కూడా పెట్టుకోలేదు. వాడున్నాడని కాదు, నాకు ఆ ధ్యాసే లేదు. సూది ఒక పూట వేసుకుంటాను, ఒక పూట మర్చిపోతాను. నాకూ ఏమీ అనిపించడం లేదు. నువ్వు కాగితం మీద అబద్ధం రాయలేనన్నట్టు రాశావు. నేను మాత్రం చక్కగా రాసేశాను, ఇనుమునని.

మొక్కు గురించి బెంగపడకు. నువ్వు తినలేదు, వాడు తినిపించాడు. దేవుడికి ఆ తేడా తెలియదా?

నీ మరదలు

&nbsp;

ఇంటి నుంచి,
ఆదివారం పొద్దున

మరదలా,

మొక్కు సంగతి దేవుణ్ణే అడిగాను. ఆయన ఏమీ అనలేదు. ఇవాళ కాఫీలో అర చెంచా చక్కెర వేసుకున్నాను. అప్పుడూ ఏమీ అనలేదు.

చొక్కా ఉతికాను. చిరిగినచోట కుట్టాను. జేబు తిరగేసి దులిపి మళ్లీ లోపలికి మడిచాను. పెరటి తీగ మీద ఆరేస్తే మేనేజరు వెళ్లి కింద కూర్చుంది. చుక్క పడ్డప్పుడల్లా చెవి ఆడిస్తోంది గానీ కదలడం లేదు. పని సరిగ్గా జరుగుతోందో లేదో చూడాలి కదా.

చొక్కా ఆరాక దాన్ని విప్పి నీ కొలతకి కుట్టి పంపుతాను. నీ భుజాలు నాకు తెలుసు, మా పెళ్లికి ముందునుంచీ నీ జాకెట్లన్నీ నేనే కుట్టాను. జేబు మాత్రం తీయను. స్టోరులో తొడుక్కో. మా నోట్లో పడగా మిగిలిన బిళ్లలు ఈ కవరులోనే పెడుతున్నాను. పాతవైపోయాయి, కొత్తవి కొనుక్కునేదాకా ఉంచుకో. చీమలు పడితే పట్టనీ.

పొద్దున నేను దీనికి సూది వేసే వేళకే నువ్వూ వేసుకో. ఇక్కడ నేను మడత పట్టుకుని కళ్లు తెరిచి చూస్తున్నప్పుడు, అక్కడ నువ్వూ చేతులు కడుక్కుంటున్నావని అనుకుంటాను. సాయంత్రం కూడా.

ఆదివారాలు తిని, గుట్ట ఎక్కు. ఫోను సొరుగులోనుంచి తీసి మీ అన్నయ్య బల్ల మీద పెట్టాను, ఛార్జింగు ఎక్కుతోంది. మోగితే ఎత్తుతాను. ఎలా ఉన్నావని మాత్రం అడగకు. మేనేజరు గారు ఎలా ఉన్నారని అడుగు, చెబుతాను.

వదిన